అమలోద్భవికి ముప్పై పూజలు

కొత్త చీర కొన్నప్పుడల్లా లూర్దు దాన్ని ముందు అమలోద్భవికి పెట్టాలి. ఆ తర్వాతే తను కట్టుకోవాలి. అమలోద్భవి చచ్చిపోయి నాలుగేళ్ళయింది, అయినా ఆ ఇంట్లో వరసలో ముందు ఆవిడే.

అమలోద్భవి బాలశౌరి మొదటి భార్య. పచ్చకామెర్లు వచ్చి ఇరవై ఆరేళ్ళకే పోయింది. పోయిన రెండేళ్ళకి బాలశౌరి లూర్దుని చేసుకున్నాడు. వీళ్ళంతా గుంటూరు వైపు కతోలికులు, ముత్తాతల నాడే జ్ఞానస్నానం పుచ్చుకున్నవాళ్ళు. వాళ్ళకి చర్చి అంటే గుడి, అక్కడ జరిగే బలిపూజ అంటే పూజ. ఆ ముత్తాతలు దేవుణ్ణయితే మార్చుకున్నారు గానీ ఇంట్లో ఆడవాళ్ళ పద్ధతుల జోలికి వెళ్ళినట్టు లేదు. ముత్తైదువగా పోయిన మొదటి భార్య పేరంటాలు. రెండో భార్య ఏ కొత్త బట్టయినా ఆవిడ పటం ముందు పెట్టి, "అక్కా, కట్టుకుంటున్నా" అని చెప్పి మరీ కట్టుకోవాలి. పసుపూ కుంకుమా లేవు, కొబ్బరికాయ లేదు. వాటి బదులు ఒక కొవ్వొత్తి, ఒక పరలోక జపం. కొవ్వొత్తి వెలిగించాం కాబట్టి ఇది క్రైస్తవమేనని అత్తగారు ఇన్నాసమ్మ నమ్మకం.

లూర్దు చీర పెట్టేది, జపం కూడా చెప్పేది. "అక్కా" అనే ముక్క మాత్రం రెండేళ్ళలో ఒక్కసారీ ఆమె నోట రాలేదు. పెదవులు కదిపి ఊరుకునేది. అత్తగారికి కాస్త చెవుడు కావడం అక్కడ కలిసొచ్చింది.

అసలు బాధ చీర కాదు, పటం. చందానగర్‌లో వాళ్ళు అద్దెకుండే మేడమీది రెండు గదుల్లో, ముందు గది గోడకి, గుమ్మంలోంచి లోపలికి రాగానే కనబడేలా అమలోద్భవి నవ్వుతూ ఉండేది. నిమ్మపండు రంగు చీర, రెండు జడలు. రెండు జడలేమిటి పెళ్ళయిన మనిషికి, అని లూర్దుకి ఒళ్ళు మండేది. బాలశౌరి రోజూ పొద్దున్నే మాదాపూర్ వెళ్ళేవాడు. అక్కడ రాళ్ళగుట్టల మధ్య కంప్యూటర్ కంపెనీల కోసం గుండ్రంగా ఒక పెద్ద భవనం లేపుతున్నారు. అందులో కేబుళ్ళు లాగే కాంట్రాక్టరు దగ్గర అతను సూపర్‌వైజరు. సాయంత్రం ఎర్రదుమ్ము కొట్టుకుపోయి ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ తలెత్తి ముందు పటం వంక చూసేవాడు. తర్వాత లూర్దు వంక. ఆ రెండు చూపుల మధ్య ఎంతసేపు పట్టిందో లూర్దు మనసులో లెక్కపెట్టుకునేది.

ఇలాంటివి పైకి చెప్పుకుంటే నలుగురూ నవ్వుతారు. చచ్చిపోయినామె మీద అసూయేమిటని అంటారు. బతికున్న సవతి అయితే నయం. ఆమెకి కోపమొస్తుంది, కూర మాడుతుంది, జుట్టు నెరుస్తుంది, ఏదో ఒకనాడు మొగుడితో పోట్లాడుతుంది. చచ్చిపోయినామెకి ఇవేవీ లేవు. సెప్టెంబరు వస్తే లూర్దుకి ఇరవై ఏడు నిండుతాయి. పెద్దభార్య కంటే తనే పెద్దదయిపోతుంది. అమలోద్భవి మాత్రం అలా రెండు జడలతో నవ్వుతూనే ఉంటుంది. ఈ సంగతి తట్టిన రోజు లూర్దుకి అన్నం సయించలేదు.

తొంభై ఎనిమిది ఆగస్టు పదిహేను, మరియతల్లి మోక్షారోపణ పండుగనాడు ఆ అసూయ బద్దలయింది. చందానగర్ బజార్లో నాలుగు కొట్లు తిరిగి లూర్దు చిలకాకుపచ్చ చీర కొనుక్కుంది. గుడికి టైమయిపోతోందని పటం సంగతి పక్కన పెట్టి గబగబా కట్టేసుకుంది. ఇన్నాసమ్మ జపమాల చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏమ్మాయ్, అమలకి పెట్టావా?"

"వచ్చాక పెడతాలే అత్తయ్యా. పూజకి టైమయింది."

"కట్టేసుకున్నాక పెట్టేదేంది? విడిచిన చీర పెడతావా దానికి? అది ఎంత నొచ్చుకుంటదో ఆలోచించావా?"

బాలశౌరి మధ్యలోకి వచ్చి మెల్లిగా అన్నాడు, "రెండు నిమిషాల పనేగా లూర్దూ. అమ్మ మాట ఎందుకు కాదనడం? మార్చుకునిరా."

అతను అమ్మ మాట అన్నాడు గానీ కళ్ళు పటం మీదే ఉన్నాయి. లూర్దు లోపలికి వెళ్ళి చిలకాకుపచ్చ చీర విప్పి, పాత నీలం చీర కట్టుకుని గుడికి వచ్చింది. పూజ జరుగుతున్నంతసేపూ ఆమె కళ్ళు నిండుతూనే ఉన్నాయి. పక్కనున్నవాళ్ళు భక్తి అనుకున్నారు.

మర్నాడు సాయంత్రం ఒక్కతే ఆ గుడి బాధ్యత చూసే విచారణ గురువు చిన్నప్ప ఫాదర్ దగ్గరికి వెళ్ళింది. ఆయన కూడా గుంటూరు వైపాయనే. డెబ్బై దాటినాయన, ముక్కుపొడుం అలవాటుంది.

"దండం ఫాదర్‌గారూ. ఒక సందేహం. చచ్చిపోయినవాళ్ళ పటానికి చీర పెట్టి, చెప్పి కట్టుకోవడం మన మతానికి ఒప్పుతుందాండీ? ఇది అన్యుల ఆచారం కాదా?"

ఆయన సంగతంతా విన్నాడు. పొడుం డబ్బీ తీసి ఒక చిటికె పీల్చాడు.

"మా అమ్మ కూడా మా నాయనమ్మ పేరు చెప్పి మొదటి ముద్ద పక్కన పెట్టేది. ఆమె కంటే మంచి కతోలికురాలిని నేను చూళ్ళేదు. చూడమ్మా, ఆరాధన ఒక్క దేవుడికే. పోయినవాళ్ళకి గౌరవం వేరు. పటం పెట్టుకోవచ్చు, పువ్వులు పెట్టొచ్చు, పేరు చెప్పుకోవచ్చు. చీర పెట్టకపోతే కీడు చేస్తుందని భయపడితే మాత్రం తప్పు. మీ అత్తగారు భయపడి చేస్తోందా, ప్రేమతో చేస్తోందా?"

"నొచ్చుకుంటదంటోంది ఫాదర్."

"అది సగం భయం, సగం ప్రేమ. నేను మాట్లాడతాలే. అసలు పోయినవాళ్ళకి చీరలతో ఏం పని? మోక్షానికి ముందు పాపాలు కడుక్కునే ఉత్తరించు స్థలంలో ఉన్న ఆత్మకి కావలసింది మన జపాలు, మన పూజలు. శుద్ధయి మోక్షం చేరిందనుకో, ఇక మన దగ్గర్నుంచి ఆమెకి ఏమీ అక్కర్లేదు." పొడుం డబ్బీ మూత పెట్టి ఆమె మొహంలోకి చూశాడు. "ఒక మాట అడుగుతా. నీ బాధ విశ్వాసం గురించా, ఆ అమ్మాయి గురించా?"

"విశ్వాసం గురించే ఫాదర్," అంది లూర్దు, సిలువ కిందే నిలబడి, రెప్ప వాల్చకుండా.

ఫాదర్ చెప్పినవాటిలో ఆమె ఇంటికి మోసుకొచ్చింది ఒక్క ముక్కే. మోక్షం చేరినవాళ్ళకి ఇక్కణ్ణుంచి ఏమీ అక్కర్లేదు.

ఆ ముక్కని ఏం చేసుకోవాలో మాత్రం కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు ఎల్లమ్మ నేర్పింది. సెప్టెంబరులో ఒక ఆదివారం లూర్దు మంచినీళ్ళు పట్టుకోవడానికి దిగితే, ఎల్లమ్మ చాటలో బియ్యం, పప్పు, కూరగాయలు సర్దుతోంది.

"ఏంటి పిన్నీ, ఇయ్యాల పండగా?"

"పెత్రమాస గదనే. మా అత్తమామలకు, మా మరిదికి బియ్యం ఇస్తున్నం. అయ్యగారు వస్తడు, పేరు చెప్పి ఇస్తే ఆళ్ళకు ముడుతది."

"ఇవ్వకపోతే?"

"ఇయ్యకుంటే ఇంటి సుట్టే తిరుగుతరు పాపం. ఆకలైతది గద ఆళ్ళకు. కడుపు నిండ ఇచ్చి పంపినమనుకో, సల్లగ ఎల్లిపోతరు. ఇగ ఏడాది దాంక ఫికర్ లేదు."

ఇచ్చి పంపడం! లూర్దు బిందె పొంగిపోతున్నా చూసుకోలేదు. వాళ్ళకి ఏడాదికోసారి పంపాలి. మనకైతే మోక్షం చేరినవాళ్ళు తిరిగిరారు. ఒక్కసారి పంపితే చాలు. పుట్టినప్పటి నుంచీ జ్ఞానోపదేశం చదువుకున్న పిల్ల, ఎల్లమ్మ పెత్రమాసనీ చిన్నప్ప ఫాదర్ మోక్షాన్నీ కలిపి ముడేసి, ఎవరికీ రాని ఉపాయం ఒకటి పట్టుకుంది.

చనిపోయిన ఒక్కరి కోసం వరసగా ముప్పై రోజులు, ఒక్కరోజూ తప్పకుండా పూజ చేయించే ఆచారం కతోలికుల్లో ఎప్పటి నుంచో ఉంది. గ్రెగోరియన్ పూజలంటారు. లూర్దు మళ్ళీ ఫాదర్ దగ్గరికి వెళ్ళి, అమలోద్భవి కోసం ముప్పై పూజలు చెయ్యమని అడిగింది. ముసలాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నలభై ఏళ్ళుగా గురువుగా ఉన్నా. మొదటి భార్య ఆత్మ కోసం రెండో భార్య వచ్చి అడగడం ఇదే చూడటం. నీ గురించి తప్పుగా అనుకున్నా తల్లీ."

లూర్దు తల దించుకుంది. "ముప్పై అయ్యాక ఖాయంగా వెళ్ళిపోతుందాండీ?"

"ఎక్కడికి?"

"మోక్షానికే ఫాదర్."

"నమ్ముతాం. ఖాయమని చెప్పడానికి నేనేమన్నా లింగంపల్లి స్టేషన్ మాస్టర్నా?"

అక్టోబరు మూడున పూజలు మొదలయ్యాయి. పొద్దున్న ఆరింటి పూజకి నలుగురు ముసలమ్మలు తప్ప ఎవరొస్తారు, చప్పుడు లేకుండా జరిగిపోతుందని లూర్దు లెక్క. ఆ నలుగురు ముసలమ్మల్లో ఒకావిడ తన అత్తగారేనన్న సంగతి మాత్రం ఆ లెక్కలో పడలేదు.

మొదటిరోజు పూజకి ముందు ఫాదర్ గొంతు సవరించుకుని, మైకులో, "బాలశౌరి భార్య అమలోద్భవి ఆత్మశాంతి కొరకు ఈ పూజను సమర్పిస్తున్నాం" అన్నాడు. చెవుడున్న ఇన్నాసమ్మకి కూడా ఆ మాట స్పష్టంగా వినబడింది. ఆవిడ పూజ కాగానే పరుగున ఇంటికొచ్చి, వంటింట్లో దోసెలు పోస్తున్న లూర్దుని కావిలించుకుని భోరుమంది.

"నా తల్లే! నా బంగారమే! ఫాదర్‌గారు చెప్పారే, నువ్వే చేయిస్తన్నావంట. నిన్ను ఎన్ని మాటలన్నానే!"

బాలశౌరి స్నానం చేసి తువ్వాలుతో అలాగే నిలబడిపోయాడు. లూర్దు వంక చూశాడు. ఆ చూపు ముందు పటం దగ్గరికి వెళ్ళకుండా సూటిగా తన దగ్గరికే రావడం ఆమెకి పెళ్ళయ్యాక అదే మొదటిసారి. ఆ ఒక్క నిమిషం ఆమె నెత్తిన పాలు పోసినట్టయింది. తర్వాత అతను, "రేపటి నుంచి నేనూ వస్తా పూజకి" అన్నాడు.

దాంతో పోసిన పాలన్నీ విరిగిపోయాయి.

నవంబరులో భవనం ప్రారంభమట, క్షణం తీరిక లేదని చెప్పే మనిషి. లూర్దు పుట్టినరోజుకి ఒక్కపూట సెలవు పెట్టమంటే, పై ఆఫీసరు ఒప్పుకోడన్న మనిషి. బజారుకి రమ్మంటే ఎర్రబడ్డ కళ్ళు చూపించి పడుకునే మనిషి. అలాంటివాడు ఇప్పుడు రోజూ అయిదింటికే లేచి, చన్నీళ్ళ స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అందరికంటే ముందు గుడికి తయారు! ఫాదర్ మైకులో "బాలశౌరి భార్య అమలోద్భవి" అనగానే కళ్ళు మూసుకునేవాడు. పక్కన కూర్చున్న బాలశౌరి భార్య లూర్దు కళ్ళు తెరుచుకుని అతని రెప్పలనే చూస్తూ ఉండేది.

మానేద్దామంటే వీల్లేదు. చేయించేది తనే కదా, రాకపోతే బాగుంటుందా? పైగా గుడి బయట ఆడవాళ్ళు ఆమెని చుట్టుముట్టేవారు. "ఎంత పెద్ద మనసమ్మా నీది" అనేది ఒకావిడ. "మా కోడలికి కాస్త బుద్ధి చెప్పవే" అనేది ఇంకొకావిడ. పాటల బృందంలో పాడే శారదమ్మ టీచరయితే అమలోద్భవి ఎంత బాగా పాడేదో గుర్తు చేసుకుని, ఆమె పాడిన పాటలన్నీ ఏరి ఆ ముప్పై రోజులూ అవే పాడించింది. నాలుగేళ్ళుగా గోడమీద ఊరికే ఉన్న మనిషి లూర్దు చేతుల మీదుగానే గుడంతా నిండిపోయింది. తన నెత్తిన తనే ఇంత మన్ను పోసుకున్నానని లూర్దుకి పదిరోజులకే అర్థమయింది. అయినా ఇంకా ఇరవై ఉన్నాయి. గోడకున్న గుడి క్యాలెండర్లో రోజుకొక తేదీ కొట్టేస్తూ, పళ్ళు బిగపట్టి ఓర్చుకుంది. ముప్పై అయితే పోతుంది, మహాతల్లి పోతుంది, ఇక రాదు అనుకునేది. అంత శ్రద్ధగా, అంత ఆత్రంగా ఆ గుళ్ళో ఇంకెవరూ ఎవరి మోక్షం కోసమూ ప్రార్థించి ఉండరు.

ముప్పయ్యో పూజ నవంబరు ఒకటిన పడింది. ఆ రోజు ఆదివారం, సకల పునీతుల పండుగ. మోక్షంలో ఉన్న పునీతులందరినీ ఒక్కసారే తలచుకునే రోజది. గుడి కిటకిటలాడింది. పూజ అయిపోయాక లూర్దు ఊపిరి పీల్చుకుని, ఇంటికొచ్చి, బీరువాలోంచి చిలకాకుపచ్చ చీర తీసింది. రెండున్నర నెలలుగా మడత విప్పలేదు దాన్ని.

"అత్తయ్యా, ముప్పై పూజలయ్యాయిగా. ఆవిడ మోక్షానికి వెళ్ళిపోయినట్టేగా?"

"వెళ్ళకేం! సరిగ్గా పునీతుల పండగనాడే వెళ్ళింది. ఎంత పుణ్యాత్మురాలో చూడు!"

"మరి ఫాదర్‌గారు చెప్పారుగా, అక్కడికెళ్ళినవాళ్ళకి మన దగ్గర్నుంచి ఏమీ అక్కర్లేదని. ఇక చీర పెట్టనక్కర్లేదుగా?"

"చీరా? ఇంకా చీరేందే పిచ్చిదానా!" ఇన్నాసమ్మ నవ్వింది. నవ్వుతూనే బల్ల ఎక్కి, గోడమీది పటం దించి, కొంగుతో తుడిచి, లోపల మరియతల్లి స్వరూపం ఉండే పీఠం మీద, తల్లికి కుడిపక్కన నిలబెట్టింది. కొవ్వొత్తి వెలిగించి మోకాళ్ళ మీద కూర్చుంది. "ఇన్నాళ్ళూ దానికోసం మనం ప్రార్థించాం. ఇప్పుడు అది మనకోసం ప్రార్థిస్తది. ఇక దానికి పెట్టేదేముంది, అడగటమే. రా, నువ్వు కూడా మోకరించు. ఏం కావాలో అడుగు."

లూర్దు గోడ వంక చూసింది. గోడమీద మేకు ఒక్కటీ మిగిలింది. పంపించేద్దామనుకున్న మనిషి ఎక్కడికీ పోలేదు సరికదా, పై మెట్టెక్కి కూర్చుంది. నిన్నటిదాకా చీర పెడితే చాలు, ఇవాళ్టి నుంచి దణ్ణం పెట్టాలి. ఆమె వంటింట్లోకి వెళ్ళి, చప్పుడు వినబడకుండా కొళాయి తిప్పి, కడుపులో మంటంతా కళ్ళలోంచి పోయేదాకా ఏడ్చింది.

మర్నాడు సోమవారం, ఆత్మల పండుగ. ఆ రోజు కతోలికులంతా సమాధుల దగ్గరికి వెళ్ళి, సున్నం వేసి, పూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. లూర్దు అంతకుముందు రెండేళ్ళూ వెళ్ళలేదు. మొదటి ఏడు జ్వరమంది, రెండో ఏడు అన్నయ్య వాళ్ళింటికి పోయింది. ఈసారి బాలశౌరి సెలవు పెట్టాడు. పుట్టినరోజుకి దొరకని సెలవు! అది చూసి ఆమె కూడా బయల్దేరింది. చిలకాకుపచ్చ చీరే కట్టుకుంది, ఎవరికీ పెట్టకుండా, ఎవరికీ చెప్పకుండా. అతన్ని ఆవిడ దగ్గర ఒంటరిగా వదలడం ఆమెకి ఇష్టంలేదు.

సమాధుల తోట నిండా జనం. బంతిపూల వాసన, సున్నం వాసన, మైనం కాలిన వాసన. బాలశౌరి సున్నపు బకెట్టు పట్టుకుని, దారి వెతుక్కోకుండా నేరుగా నడుచుకుంటూ వెళ్ళి, ఒక సమాధి దగ్గర ఆగాడు. అది చుట్టుపక్కల వాటికంటే రెండింతలు వెడల్పుగా ఉంది. తలాపున నల్లరాతి పలక. దానిమీద ఎడమవైపు సిలువ, దానికింద "శ్రీమతి అమలోద్భవి" అని పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. కుడివైపు కూడా సిలువ ఉంది. దానికింద ఏమీ లేదు. నున్నగా, ఖాళీగా ఉంది.

లూర్దు ఆ ఖాళీ వంక చూస్తూ నిలబడింది. ఆమెకి అర్థంకాకపోలేదు. అయినా అడిగింది.

"ఇదెవరికండీ?"

సున్నం వెయ్యడానికి వంగిన బాలశౌరి కుంచె చేత్తో పట్టుకుని లేచాడు. అబద్ధమాడటం అతనికి చేతకాదు. చేతనైతే ఆ రోజు గట్టెక్కేవాడేమో.

"నాకే. అప్పుడు పెట్టించుకున్నా లూర్దూ. అప్పటికి నువ్వొస్తావని తెలీదుగా."

"వచ్చి రెండేళ్ళయింది."

అతను కుంచె మళ్ళీ సున్నంలో ముంచి తీశాడు.

"రెండేళ్ళుగా వండిపెడుతున్నా. మీ అమ్మకి కాళ్ళు పడుతున్నా. జ్వరమొస్తే తెల్లార్లూ తడిగుడ్డ వేస్తున్నా. ఇక్కడ ఆవిడే, ఇంట్లో ఆవిడే, గుళ్ళో ఆవిడే. పోనీ చచ్చాకయినా నా పక్కనుంటారనుకున్నా. అదీ ఆవిడకే రాసిచ్చేశారు. మరి నేనెక్కడండీ? నాకు చోటేది?"

ఆమె గొంతు పెరిగింది. పక్క సమాధులవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఇన్నాసమ్మ చేతిలో పూల పొట్లం అలాగే ఉండిపోయింది. ఆవిడకి వినబడిందో లేదో గానీ, కోడలి మొహం చూస్తే వినాల్సిన పని లేదు.

"నాకు ఆమె మీద కుళ్ళు," అంది లూర్దు. ముప్పై రోజులుగా బిగపట్టినదంతా తెగింది. "అవును, కుళ్ళే. ఆ పూజలు ఆమె మీద ప్రేమతో చేయించలేదు. వెళ్ళిపోతుందని చేయించా. ఇల్లు వదిలి, మిమ్మల్ని వదిలి పోతుందని."

బాలశౌరి చేతిలో కుంచె నుంచి సున్నం బొట్లు బొట్లుగా అతని కాలి మీద పడుతోంది. అతను తుడుచుకోలేదు. రాతి వంక, ఆమె వంక చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఎవరికోసమో ఈసారి లూర్దు లెక్కపెట్టుకోలేదు.

అప్పుడే చిన్నప్ప ఫాదర్ తీర్థజలం పాత్రతో, ఒక్కొక్క సమాధినీ దీవిస్తూ, అక్కడిదాకా వచ్చాడు. మొహాలు చూసి ఆగాడు. రాతిమీద పేరు చదివి, ఖాళీ సగం చూసి, లూర్దు వంక చూశాడు. ఆగస్టులో తను అడిగిన ప్రశ్నకి జవాబు ఆయనకి ఇప్పుడు దొరికింది.

"ఇటుపక్క ఎవరమ్మా?" అన్నాడు మెల్లగా.

బాలశౌరి నోరు తెరిచేలోపు లూర్దు అంది, "నేను ఫాదర్."

"ఏంటీ?" అన్నాడు బాలశౌరి.

"ఈ పక్కన నేను పడుకుంటా. నా పేరు చెక్కించండి. ఆవిడ పక్కన మిమ్మల్ని మాత్రం పడుకోనివ్వను."

ఫాదర్ పెదవి కొరుక్కుని నవ్వాపుకున్నాడు. తర్వాత నవ్వు పోయింది. తీర్థజలం రెండుసగాల మీదా సమంగా చిలకరించాడు. రెండు చుక్కలు చిలకాకుపచ్చ చీర మీద కూడా పడ్డాయి. "పునరుత్థానం దాకా ఇద్దరూ ఒకే రాతికిందా?" అన్నాడు. "అప్పటికైనా సర్దుకుంటారులే." సిలువ గుర్తు వేసి పక్క సమాధికి వెళ్ళిపోయాడు.

చీకటి పడుతోంది. తోటంతా కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. ఇన్నాసమ్మ పొట్లం విప్పి, సగం పూలు కోడలి చేతిలో పోసింది. లూర్దు గొంతుక్కూర్చుని, తన సగం మీద ఎండుటాకులు తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ, అవతలి సగం మీదివి కూడా తుడిచింది. రాయి పగటి ఎండకి ఇంకా వెచ్చగానే ఉంది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, అనుకుంది. ఇంకా రెండు జడలు వేసుకునే పిల్ల.

చిలకాకుపచ్చ కొంగు చివర లాగి ఆ పేరు మీద ఒక్క క్షణం పరిచింది.

"కట్టుకున్నా అక్కా," అంది. పెదవులు కదపడం కాదు, చెవుడున్న అత్తగారికి కూడా వినబడేంత గట్టిగా. "కాస్త జరుగు, నాకూ చోటివ్వు."

బాలశౌరి ఆమె వెనక నిలబడి, దిక్కుతోచనివాడిలా అడిగాడు.

"మరి నేనెక్కడ లూర్దూ?"

ఆమె కొవ్వొత్తి వెలిగించి, గాలికి ఆరకుండా రెండు చేతులూ అడ్డుపెట్టింది.

"తొందరేముంది? మేమిద్దరం మాట్లాడుకుని చెప్తాంలెండి."